పై వరుస

ఎవరి పొలంలోనో మోటారు కాలితేనే మా ఇంట్లో పొయ్యి మండేది. నాన్న వైండింగ్ మేస్త్రి, కాలిన మోటార్లకి మళ్ళీ రాగితీగ చుట్టేవాడు. ఎండాకాలం నీళ్ళు అడుగంటి, కరెంటు పడుతూ లేస్తూ ఉన్నప్పుడు మోటార్లు పొద్దున రెండు, సాయంత్రం మూడు చొప్పున కాలిపోయేవి. జనం వాటిని సైకిళ్ళ మీదా ట్రాక్టర్ల మీదా మా షాపుకి మోసుకొచ్చి, "ఇవాళే కావాలి మేస్త్రీ, పైరు ఎండిపోతోంది" అని గడప దగ్గరే చతికిలబడేవాళ్ళు. వాన పడిందా, ఇక ఒక్కడూ మా వైపు చూడడు. పైనుంచి ఊరికే నీళ్ళొస్తుంటే మోటారుతో ఎవరికి పని? ఊరంతా వాన కోసం మొక్కుతుంటే మేము మాత్రం ఇంకో వారం ఆగితే బాగుండునని లోపల్లోపల అనుకునేవాళ్ళం. ఆ మాట బయటికి అంటే తంతారు.

నేను చెప్పేది ఒక ఏడాది వానాకాలం సంగతి. లెక్కల్లో డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం రాక, నేను షాపులో కూర్చుని, మోటారు లోపల తీగ కూర్చునే స్టేటరు గాళ్ళలోకి ఇన్సులేషన్ పేపరు కత్తిరించి పెడుతున్న ఏడాది. అమ్మకి పళ్ళు కట్టించాలనుకున్న ఏడాది కూడా అదే.

అమ్మ పళ్ళు సగం ఆ షాపులోనే అరిగాయి. కాయిళ్ళు చుట్టి గాళ్ళలో కూర్చోబెట్టాక, బయటికి పొడుచుకొచ్చిన కొసల్ని నూలు దారంతో బిగించి కట్టాలి. ఆ పని అమ్మది. ముడి వేయడం, దారం నోటి దగ్గరికి తీసుకెళ్ళి పుటుక్కున కొరికి తెంపడం. బ్లేడు పెట్టుకోవచ్చుగా అంటే, "బ్లేడు వెతికేలోపు ఇంకో రెండు ముళ్ళు పడతాయి" అనేది. ముప్పై ఏళ్ళు అలాగే కొరికింది. తర్వాత చిగుళ్ళ జబ్బు వచ్చి మిగతా పని పూర్తి చేసింది. ఆఖరి పన్ను మగ్గిన అరటిపండులో ఊడి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇన్నేళ్ళు దారాలు కొరికినదానివి, పోయి పోయి అరటిపండుకి లొంగావా, పరువు తీశావు కదే" అంది.

అప్పటినుంచి అన్నం గుజ్జులా పిసుక్కుని మింగేది. మనిషి సగమైపోయింది. నవ్వొస్తే మాత్రం ఆగేది కాదు, కాకపోతే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ చెయ్యి చూస్తే నాన్న ముఖం తిప్పుకునేవాడు.

పళ్ళ డాక్టరమ్మ పై వరుసా కింది వరుసా కలిపి ఇరవై ఐదు వేల ఐదు వందలు అంది. అంత ఒక్కసారిగా మా ఇంట్లో ఎప్పుడూ లేదు. నాన్న ఆ చీటీ జేబులో పెట్టుకుని బ్యాంకు ముందునుంచి వస్తుంటే గోడ మీద పెద్ద బొమ్మ కనపడింది. నెలనెలా కొంత వేస్తూ పోతే ఏడాదికి ఏడు శాతం వడ్డీ. బొమ్మలో ఒకావిడ ముప్పై రెండు పళ్ళూ కనపడేలా నవ్వుతోంది. "వడ్డీ చూసి కాదు, ఆవిడ పళ్ళు చూసి సంతకం పెట్టాడు మీ నాన్న" అని అమ్మ తర్వాత చాలాకాలం దెప్పింది.

నాన్న లెక్క నాన్న వేసుకున్నాడు. నెలకి రెండు వేలు, పన్నెండు నెలలకి ఇరవై నాలుగు వేలు. దాని మీద ఏడు శాతం పదహారు వందల ఎనభై. "డాక్టరమ్మకి ఇవ్వగా నూట ఎనభై మిగులుతుందే. పళ్ళు పెట్టించుకుని వచ్చేటప్పుడు బస్సు వద్దు, ఆటోలో వద్దాం" అన్నాడు. ఫారం నేనే నింపాను. నా దస్తూరీ బాగుంటుందని ఇంట్లో అందరికీ గర్వం. ఖాతా పుస్తకం ఎర్ర అట్టది. దానికి జతగా మామూలు పొదుపు ఖాతా నీలం అట్టది, అది ముందునుంచీ ఉంది. షాపు కరెంటు బిల్లు ప్రతి నెలా ఆ నీలం పుస్తకంలోంచే కోసుకునేవాళ్ళు. మా ఇంట్లో వాటికి పేర్లు కూడా పడిపోయాయి. నీలంది కరెంటు పుస్తకం, ఎర్రది పళ్ళ పుస్తకం.

ఏడు వాయిదాలు పడ్డాక, ఎండాకాలం చివరి వారం నాన్న బ్యాంకు నుంచి చొక్కా చెమటతో తడిసి వచ్చాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"కట్టేశావా?" అంది అమ్మ. కడుగుతున్న గిన్నె పక్కన పెట్టింది.

"ఒకటి కాదు, ఐదు కట్టేశా. ఈ నెలదీ, వానాకాలం నాలుగు నెలలవీ. పది వేలు. ఇక వాన కురవనీ, వరదలే రానీ, మన జోలికి ఎవడూ రాడు."

"ఒకేసారి అన్ని తీసుకున్నారా?"

"ఎందుకు తీసుకోరు, డబ్బు చేదా? కౌంటరు పిల్ల చెప్పింది కూడా. ఒకటి ఎర్రదాంట్లో పడుతుంది, మిగతాది నీలందాంట్లో ఉంటుంది అంది. ఉంటే చాలు కదా. చేతిలో ఉంటే మనం ఉంచుతామా?"

నేను ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని ఏదో ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్నాను. ఈ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. 'పడుతుంది', 'ఉంటుంది', ఈ రెండు మాటలూ విన్నాను. తల ఎత్తి, నాన్న ముందుచూపు ఎంత గొప్పదో అనుకుని, మళ్ళీ దరఖాస్తు మీదికి వంగాను.

నాలుగు రోజులకి వాన మొదలైంది.

వానాకాలం మొదటి పది రోజులూ హాయిగానే ఉంటుంది. నడుం వాల్చడానికి వీలుంటుంది. ఆ తర్వాత మధ్యాహ్నాలు జిడ్డులా సాగుతాయి. షాపు రేకుల మీద వాన చప్పుడు, పక్కన పంక్చరు బాబాయి రేడియో, ఎదురుగా రోడ్డు మీద బురద. బాబాయి మాకు చుట్టం కాదు. పక్కషాపులో ఇరవై ఏళ్ళుగా సైకిలు ట్యూబులకి పంక్చర్లు వేస్తున్నాడు కాబట్టి బాబాయి. ఆయనకి బ్యాంకులంటే పడదు. పాత బిస్కెట్ డబ్బాలో డబ్బులు దాచుకుని, ఆ డబ్బా ఎక్కడుందో తనే మర్చిపోయే రకం.

ఒకరోజు మా గడపలో కూర్చుని, "అన్నా, నిజంగా ఏడు శాతం ఇస్తారంటావా? పక్కన మామూలుగా వేస్తే రెండే ఇస్తున్నారు, నీకేమో ఏడా? నువ్వేమన్నా వాళ్ళకి అల్లుడివా?" అన్నాడు.

"మా పిల్ల చదివింది కాగితం" అన్నాడు నాన్న. "ఏం అమ్మడూ, చెప్పు బాబాయికి."

అప్పటిదాకా నేను కూడా ఆ లెక్క వెయ్యలేదు. వేద్దామనిపించింది. పనీపాటా లేదు, డిగ్రీకి తుప్పు పడుతోంది. బేరింగుల పెట్టెలోంచి వాషర్లు దోసిలితో తీసి నేల మీద పేర్చడం మొదలుపెట్టాను.

"ఇదిగో, మొదటి నెల వేసిన రెండు వేలు బ్యాంకులో పన్నెండు నెలలు ఉంటుంది. అంటే పన్నెండు వాషర్లు. రెండో నెల వేసింది పదకొండు నెలలే ఉంటుంది. మూడోది పది."

ఇలా పేర్చుకుంటూ పోతే ఆఖరి వరసలో ఒక్క వాషరు మిగిలింది. నేల మీద మెట్లమెట్లుగా ఒక ముక్కోణం తయారైంది. నలుగురం దాని చుట్టూ నిలబడి చూశాం.

"పన్నెండు వరసల్లోనూ పన్నెండేసి ఉంటే నూట నలభై నాలుగు వాషర్లు. ఏడు శాతం మొత్తం డబ్బు మీద రావాలంటే అన్నీ ఉండాలి. మనకున్నవి డెబ్బై ఎనిమిదే. పదహారు వందల ఎనభై రాదు నాన్నా. తొమ్మిది వందల పది వస్తుంది."

"నే చెప్పలా?" అన్నాడు బాబాయి, తొడ మీద చరుచుకుని.

నాన్న వాషర్ల వైపు, ఖాళీగా ఉన్న సగం నేల వైపు చూశాడు. "మోసం చేశారంటావా?"

"మోసం కాదు. వాళ్ళు రాసింది నిజమే. ఏ డబ్బు ఎంతకాలం ఉంటే అంతకాలానికే ఏడు శాతం. మనమే మొత్తానికి అనుకున్నాం."

అమ్మ వంగి వాషర్లు చూసింది. ఉన్నట్టుండి, "సెట్టుకి ఎన్ని పళ్ళే?" అంది.

"ఇరవై ఎనిమిది అని చెప్పింది డాక్టరమ్మ."

"ఒక్కోటి ఎంత పడుతుంది?"

భాగించి చూసి నాకే నవ్వొచ్చింది. "తొమ్మిది వందల పది."

"అంటే ఏడాది పొడుగునా బ్యాంకు మనకిచ్చేది ఒక్క పన్ను." అమ్మ అరచెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది. "మీ నాన్న రెండు ఇస్తారనుకున్నాడు పాపం."

"ఒక్క పన్ను కోసం అన్ని నెలలు లైన్లో నిలబడాలా వదినా? నా డబ్బాలో వేసుకోండి" అన్నాడు బాబాయి.

"నీ డబ్బాలో వేస్తే పళ్ళు కట్టించుకోవడం కాదు, ముందు డబ్బా వెతికించుకోవాలి."

నాన్న మాత్రం నా వైపే చూస్తున్నాడు. "అయితే ఇది దండగేనా అమ్మడూ? మానేసి ఉండాల్సిందా?"

నేను మళ్ళీ లెక్కవేశాను. మామూలు ఖాతాలో ఇలాగే నెలనెలా వేస్తే రెండు శాతం చొప్పున రెండు వందల అరవై. ఇంట్లో పెట్టుకుంటే సున్నా, అదీ మనం ముట్టుకోకుండా ఉంటే. "దండగ కాదు నాన్నా. మేలే. మిగతా అన్నిటికంటే ఇదే మేలు. ఐదు వందల తొంభై తగ్గుతుంది, అంతే. అది చూసుకుందాం."

"అదెంత, ఒక బేరింగు మారిస్తే వస్తుంది" అని నాన్న తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

నా లెక్కలో తప్పు లేదు. ఈ రోజు మళ్ళీ వేసినా అదే వస్తుంది. ఎవరైనా పరీక్షలో అడిగితే పదికి పది పడతాయి.

వాన జోరు పెరిగింది. రెండో నెలంతా కలిపి మూడు మోటార్లొచ్చాయి. అందులో ఒకటి పిండిమిల్లు వాళ్ళది, వాళ్ళు అరువు. చెమ్మకి, కాయిళ్ళ మీద పోసిన వార్నిష్ ఆరేది కాదు. స్టేటరు లోపల పెద్ద బల్బు వేలాడదీసి, పైన గోనెపట్టా కప్పి, రెండు మూడు రోజులు అలాగే వెలిగించి ఉంచేవాళ్ళం. షాపు అద్దె ఒక నెల ఆగింది, తర్వాత రెండో నెల. ఇంటాయన వచ్చి ఏమీ అనకుండా గొడుగు మూసి ఐదు నిమిషాలు నిలబడి, మళ్ళీ గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయేవాడు.

అమ్మ ఇంకా చిక్కింది. ఒకరోజు గోనె ఎత్తబోయి కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. నాన్న చూశాడు. "ఇంకా రెండు నెలలేనే. డబ్బు అక్కడ కూర్చునే ఉంది" అన్నాడు. తనకి తనే చెప్పుకున్నట్టు.

ఆ రోజుల్లో నాన్నకి ఒక్కటే విషయం సంతోషం కలిగించేది. కరెంటు బిల్లు గురించి ఎవరూ అడగలేదు. మామూలుగా ప్రతి నెలా పదో తారీకులోపు నీలం పుస్తకంలో బిల్లుకి సరిపడా వేసి వచ్చేవాడు. ఆలస్యమైతే ఫోనుకి హెచ్చరిక వచ్చేది. వానలు మొదలయ్యాక చేతిలో డబ్బు ఆడక వెయ్యలేదు. హెచ్చరికా రాలేదు, లైన్‌మనూ రాలేదు. పైగా 'బిల్లు చెల్లినది' అని ఫోనులో సందేశం వచ్చేది.

"పాత చిల్లర ఏదో మిగిలినట్టుంది. దానంతటదే కట్టుకుంటోంది" అన్నాడు అమ్మతో.

"బాగానే కట్టుకుంటోంది. అద్దెకి కూడా అలా కట్టుకోమని చెప్పు."

ముగ్గురం నవ్వుకున్నాం. మూడు నెలలు ఆ బల్బు పక్కన కూర్చుని నవ్వుకున్నాం.

మూడో నెల నడిమధ్య వాన తెరిపిచ్చిన ఒక పొద్దున, నాన్న రెండు పుస్తకాలూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, "పద అమ్మడూ, ఎంతైందో అచ్చు వేయించుకొద్దాం. డాక్టరమ్మకి ముందే చెప్పి ఉంచితే కొలతలు తీసుకుంటుంది" అన్నాడు.

బ్యాంకులో జనం పలచగా ఉన్నారు. తడి గొడుగుల వాసన. కౌంటరు అమ్మాయి నా ఈడుదే, ఒకటి రెండేళ్ళు పెద్దది కావచ్చు. ఎర్ర పుస్తకం తీసుకుని యంత్రంలో పెట్టింది. అది చిర్రుమని రాసి బయటికి తోసింది. నీలం పుస్తకం పెట్టింది. అది ఇంకా ఎక్కువసేపు రాసింది.

నేను ఎర్రది తెరిచాను. రెండు వేలు, రెండు వేలు, రెండు వేలు. వేలితో లెక్కపెట్టాను. ఎనిమిది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను.

"ఇందులో ఎనిమిదే ఉన్నాయండీ. పన్నెండు కట్టాం" అన్నాను.

ఆ అమ్మాయి తెర వైపు చూసింది. "ఖాతా మొదలైన ఎనిమిదో నెలలో పది వేలు వేశారు. అందులో రెండు వేలు దీనికెళ్ళింది. మిగతా ఎనిమిది వేలు మామూలు ఖాతాలో జమైంది. తొమ్మిదో నెల, పదో నెల కట్టలేదు."

"కట్టాం కదమ్మా" అన్నాడు నాన్న. మర్యాదగానే అన్నాడు. "ముందే కట్టేశాం. మీరే తీసుకున్నారు."

"మామూలు ఖాతాలో వేశారండీ. ఇది నెలకి ఒక్క వాయిదానే తీసుకుంటుంది. ప్రతి నెలా మీరొచ్చి చీటీ రాస్తే అందులోంచి ఇందులోకి మారుస్తాం. వరసగా రెండు నెలలు తప్పితే ఖాతా దానంతటదే ఆగిపోతుంది. ప్రత్యేక వడ్డీ ఉండదు, మామూలు రెండు శాతమే లెక్కేస్తారు. ఏడాది తిరిగాక అసలు తీసుకోవచ్చు."

"అయితే ఇప్పుడు మార్చండి. ఆ ఎనిమిది వేలూ ఇందులోకి వేసెయ్యండి. ఉంది కదా" అన్నాడు నాన్న.

"ఆగిపోయిందండీ, ఇక తీసుకోదు." కొంచెం ఆగి, "ఎనిమిది వేలు కూడా లేదు" అంది.

నేను నీలం పుస్తకం తెరిచాను. కరెంటు పద్నాలుగు వందల యాభై. కరెంటు పదమూడు వందల ఎనభై. కరెంటు పదమూడు వందలు. మిగిలింది మూడు వేల ఎనిమిది వందల డెబ్బై. పాత చిల్లర ఎక్కడా లేదు.

నాన్న నా ముఖం చూశాడు. నేను పుస్తకం ఆయన ముందు పెట్టి మూడు చోట్లా వేలు ఆనించాను. ఆయన అంకెలు చదవగలడు.

"ఇది ఎక్కడన్నా రాసుందా అమ్మా?" అని అడిగాడు ఆ అమ్మాయిని. వాదానికి కాదు, నిజంగా తెలుసుకుందామనే.

ఆ అమ్మాయి లోపలికెళ్ళి ఫైలు తెచ్చి మా ఫారం తీసింది. నా దస్తూరీ. గుండ్రంగా, ముత్యాల్లా. 'ప్రతి నెలా ఒక వాయిదా చొప్పున చెల్లిస్తానని' అన్న చోట ఖాళీల్లో రెండు వేలు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ నేనే రాశాను. దాని కింద నాన్న సంతకం. వడ్డీ శాతం ఎంతో చూశాను గానీ, 'ప్రతి' అన్న మాట నా కళ్ళ ముందునుంచే వెళ్ళిపోయింది. 'నెలకి ఇంత' అనుకున్నాను. పన్నెండంటే పన్నెండే కదా, ఎప్పుడు కడితేనేం అనుకున్నాను. అదీ అనుకోలేదు నిజానికి. అసలు అనుకోవాల్సిన సంగతి ఉందనే తోచలేదు.

"పెద్దవాళ్ళనైనా కనుక్కోవచ్చా?" అన్నాను.

"కనుక్కోండి. ఎవరు చెప్పినా లాభం లేదండీ, కంప్యూటరు తీసుకోదు." గొంతు తగ్గించి, "ఆ రోజు అంకుల్‌కి చెప్పాను. మిగతాది ఇందులో ఉంటుందని" అంది.

"చెప్పావు తల్లీ. నువ్వు చెప్పావు" అన్నాడు నాన్న.

లోపలి గదిలో ఆఫీసరు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. కౌంటరు అమ్మాయి చెప్పిందే ఇంకా నెమ్మదిగా, ఇంకా మర్యాదగా చెప్పాడు. తిట్టుంటే బాగుండేది. తిరిగి తిట్టడానికైనా వీలుండేది.

వచ్చేటప్పుడు మళ్ళీ వాన. నాన్న పుస్తకాల్ని ప్లాస్టిక్‌లో జాగ్రత్తగా చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు, తడవకుండా. దారంతా నేను అనబోయిన మాట ఒక్కటే, 'నేను చూడలేదు నాన్నా' అని. అనలేకపోయాను. అంటే ఆయన వెంటనే 'నీ తప్పేముందిలే' అంటాడు, అది వినాల్సొస్తుంది.

షాపులో ఒక మోటారు ఉంది, ఆ వారానికంతా అదొక్కటే. నాన్న తడి చొక్కా మార్చుకోకుండానే పీట మీద కూర్చుని, చెక్క అచ్చుకి రాగితీగ తగిలించి పిడి తిప్పడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు గాళ్ళ మోటారు. పన్నెండు కాయిళ్ళు, కాయిలుకి అరవై రెండు చుట్లు. అమ్మ మా ఇద్దరి వైపూ చూసింది. తువ్వాలు తెచ్చి నాన్న తల మీద వేసింది.

ఐదో కాయిలు దగ్గర చెయ్యి ఆగింది.

"అమ్మడూ."

"ఊఁ."

"ఒకదాంట్లో మూడు వందల చుట్లు వేసేసి, పక్కన నాలుగూ ఖాళీగా వదిలేస్తే తిరుగుతుందా?"

"తిరగదు నాన్నా."

"మొత్తం చుట్లు సరిపోయినా?"

"సరిపోయినా."

"ముప్పై ఏళ్ళుగా చుడుతున్నా" అన్నాడు. తువ్వాలు కొసతో ముఖం తుడుచుకున్నాడు. చుట్టు ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయి, కాయిలంతా విప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

అమ్మకి నేనే చెప్పాను, వెనకవైపు నీళ్ళ తొట్టి దగ్గర. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే. "అయితే ఆ ఒక్క పన్ను కూడా లేదన్నమాట?"

"పావు పన్ను వస్తుంది."

నవ్వుతుందనుకున్నాను. చెయ్యి నోటిదాకా వెళ్ళింది, కానీ నవ్వలేదు. "మీ నాన్నని ఏమీ అనకు. ఈ ఏడు చాలా కట్టాడు" అంది.

ఆ తర్వాత నాకు తట్టింది, నేను వెయ్యని లెక్క ఏదో. ఆ ఖాతా మంచిదే. ఆ రోజు బ్యాంకులో మా ముందు కౌంటరు దగ్గర నిలబడ్డాయన బడి గుమాస్తా. ఒకటో తారీకు జీతం, రెండో తారీకు వాయిదా, ఆయనకి ఆ ముక్కోణం చివరిదాకా సక్రమంగా నిండుతుంది. అది నెలజీతగాళ్ళ ఖాతా. మాది ఎండ జీతం. నాలుగు నెలలు పొంగి, నాలుగు నెలలు పారి, నాలుగు నెలలు ఎండిపోయేది. ఎంత వస్తుందో లెక్కవేసి మేలే అని చెప్పానుగానీ, ఎవరికి మేలు అని అడగలేదు. నాన్న అడిగింది నిజానికి అదే.

ఏడాది తిరిగిన రోజు వెళ్ళి తెచ్చుకున్నాం. ఎర్ర పుస్తకంలో పదహారు వేల రెండు వందల ఇరవై ఆరు. నీలందాంట్లో ఇంకో బిల్లు పోను రెండు వేల ఆరు వందల ఇరవై. నాన్న డబ్బు తెచ్చి అమ్మ ముందు పెట్టి, "ఇంకో ఆరున్నర వేలు కావాలి. ఎండలొచ్చేదాకా ఆగుదామంటావా?" అన్నాడు. అద్దె మూడు నెలలది ఆగి ఉంది. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాని పేరెత్తలేదు.

అమ్మ వెంటనే చెప్పులు వేసుకుంది. "ఇది ఇంట్లో పొద్దుగూకేదాకా ఉండదు. ఇంటాయన గొడుగు కనపడకముందే పదండి."

డాక్టరమ్మ అద్దాలు పైకి తోసుకుని అంతా విన్నది. రెండూ కలిపి అయితేనే ఆ ధర. ఒక్క వరుస విడిగా అయితే పదిహేను వేలు. "కింది వరుస ఒక్కటే నిలవదమ్మా, ఊడొస్తుంది. చేస్తే పై వరుస చెయ్యొచ్చు."

"పై వరుస ఒక్కటే పెట్టుకుంటే ఏం తినొచ్చు?" అంది అమ్మ.

"తినడానికి కింద కూడా ఉండాలి కదమ్మా. మాట స్పష్టంగా వస్తుంది. బుగ్గలు నిండుగా కనపడతాయి."

"నవ్వొచ్చా?"

"నవ్వొచ్చు."

అమ్మ నాన్న వైపు చూసింది. ఆయన గోడ మీద ఉన్న దవడ బొమ్మ చూస్తున్నాడు, ఎప్పుడూ చూడనట్టు. "ముందు నవ్వు పెట్టండి. తిండి సంగతి ఎండలొచ్చాక చూద్దాం" అంది.

పళ్ళు వచ్చాయి. పద్నాలుగు, ఒకే కొలత, మరీ తెల్లగా. వాటిని పెట్టుకుంటే అమ్మ ఎవరో బంధువుల అమ్మలా కనపడింది. పంక్చరు బాబాయి చూడ్డానికొచ్చి, "వదినా, బ్యాంకు గోడ మీద బొమ్మ నీదే కదా?" అన్నాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నాన్న ఆ రోజు ముఖం తిప్పుకోలేదు. కానీ భోజనానికి కూర్చోగానే, కింది పళ్ళ ఆసరా లేక పై వరుస చిగుళ్ళని ఒత్తేస్తోందని, తీసి నీళ్ళ గ్లాసులో వేసి పక్కన పెట్టి, గుజ్జన్నం మింగింది. అందరూ తినేటప్పుడు పెట్టుకుంటారు, మా అమ్మ తినేటప్పుడు తీసేది. గ్లాసులో పళ్ళు మా వైపు చూస్తుండేవి.

వానలు వెనకబట్టి, నేల గట్టిపడి, మొదటి మోటారు సైకిలు మీద వచ్చింది. నాన్న కాయిళ్ళు చుట్టడానికి కూర్చున్నాడు. అంతకుముందు చుట్టి కూర్చోబెట్టిన వాటి కొసలు అమ్మ కడుతోంది. కొత్త పళ్ళు పెట్టుకునే వచ్చింది, షాపుకి నలుగురూ వస్తారని. ముడి వేసి బిగించి, పాత అలవాటున దారాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్ళి కొరికింది.

తెగలేదు. ఇంకోసారి లాగింది. దారం తడిసి, చెక్కు చెదరకుండా బయటికొచ్చింది. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది.

"నలభై ఒకటి, నలభై రెండు" అంటున్నాడు నాన్న. పిడి తిప్పుతూనే, తల ఎత్తకుండా, ఎడమచేత్తో బ్లేడు ఆమె వైపు జరిపాడు. "నలభై మూడు."